నీళ్ల చెంబుకు ఆనించిన అమ్మ

మా లాస్య కొన్న ఆటల డబ్బాకు కడుపు నిండిపోయింది. రెండు చేతుల్లో ఇమిడే వస్తువు అది. అటూ ఇటూ పిడులు, నడుమ అద్దం. లాస్య కాలేజీలో ఉన్నంతసేపూ చార్జింగులో ఉంటుంది, ఇంటికి రాగానే ఆమె చేతుల్లోకి ఎక్కుతుంది; గానుగెద్దుకైనా ఇంతకంటే ఎక్కువ విశ్రాంతి ఉండేది. కొన్ని ఆటలు ఎక్కించేసరికే ఇంక జాగా లేదని మొరాయించిందట. ఇప్పటి ఆటలు ఒక్కొక్కటీ మగపెళ్లివారిలా సామాను సవారీలతో సహా దిగుతాయి మరి. "డాడీ, ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ఉంటే ఇయ్యి, దీనికి తగిలిస్త" అన్నది లాస్య. తగిలిస్తే చాలట. బర్రెను గుంజకు కట్టేసినంత సులువుగా అన్నది.

ఆ మాటకు సోఫాలో మోకాళ్లకు నూనె రాసుకుంటున్న మా చిన్నాయిన తలెత్తాడు. ఆయన బీదర్‌లో బిడ్డ దగ్గర ఉంటాడు. మోకాళ్లు చూపించుకుంటానని జహీరాబాద్ వచ్చాడు. డాక్టరు ఆయన్ను చిటికెలో చూసి పంపేశాడు గానీ, మా ఇంటిని ఆయన చూడడం మాత్రం ఇంకా అయిపోలేదు. చెరుకు సీజను ముగిసేదాకా ఉండేటట్టున్నాడు. "నేరుగ దాంట్లకే గుచ్చుతవా బిడ్డా? నడుమ కంప్యూటరు గింప్యూటరు వద్దా?" అని అడిగాడు. వద్దు తాతా అన్నది లాస్య. "అబ్బ, మా జమానల గిట్ల ఉండుంటే నేను జహీరాబాద్‌ను ఏలేటోణ్ణి" అని ఆయన మళ్లీ మోకాళ్ల మీద పడ్డాడు. ఏలనే ఏలావు చిన్నాయినా, మా ముందటి అర్రనైతే ఏలావు, అనుకుంటూ నేను డ్రైవు కోసం బీరువా తెరిచాను.

వైర్ల గుట్ట అడుగున చేతికి మొదట తగిలింది కావలసినది కాదు. అమ్మ పాత చీర ముక్కలో చుట్టిన ఇటుకలాంటి పెట్టె. అదీ హార్డ్ డిస్కే, కానీ ఇప్పటి డిస్కులకు ముత్తాత. వైరు గుచ్చే నోటి నిండా కుంకుమ. ఏడాదికో పొర చొప్పున పడి పడి గట్టిపడిపోయింది. ఆ నోరు చూసేసరికి నేను దేనికోసం బీరువా తెరిచానో మరిచిపోయి అక్కడే మంచం మీద కూర్చున్నాను.

ఆ రోజుల్లో మా ఇంటికి అల్లం వాసన ఉండేది. ఉండేది అంటే తక్కువ చేసి చెప్పినట్టు. ఇల్లు అల్లం వాసనదే, మేము అందులో కిరాయికి ఉండేవాళ్లం. న్యాల్‌కల్ దిక్కున మాకున్న చెలకలో తవ్విన అల్లం బస్తాల్లో వచ్చి ముందటి అర్రలో పడేది. దాని తడి మట్టి వాసన మా బట్టల్లో, పక్కల్లో, నా డిగ్రీ పుస్తకాల్లో ఉండేది. పరీక్ష హాల్లో నా వెనక కూర్చున్నవాళ్లకు చాయ్ తాగాలనిపించేదట. పొద్దున జొన్నరొట్టె చప్పుడుతో ఇల్లు లేచేది. అమ్మ పీట మీద రొట్టె కొడుతూ, ప్రతి దెబ్బకూ ఒకరిని తిట్టేది. అవ్వతో మొదలుపెట్టి, నాయినను, నన్ను, పాలవాణ్ణి, గోడ మీది కాకిని, అందరినీ వరసగా. అవ్వ అంటే మా నాయిన తల్లి; ఆమె కూడా నోటి విషయంలో తక్కువ తిన్నది కాదు గానీ, కోడలి ముందు ఆమెది చిల్లర వ్యాపారం. అమ్మది హోల్‌సేల్. బొంబాయి పోయే లారీవాళ్లు మా గల్లీ మలుపు రాగానే హారన్ కొట్టడం మానేసేవాళ్లు, ఆ గొంతు ఉండగా ఇదెందుకని. చిరాగ్‌పల్లిలో దిగాల్సిన ఆసామి ఒకడు బస్సులో నిద్రపోయి, మా అమ్మ గొంతుకు మేలుకుని, బస్సు ఇంకా చిరాగ్‌పల్లి చేరకముందే జహీరాబాద్ వచ్చేసిందని లబోదిబోమన్నాడని మా నాయిన చెప్పేవాడు. నాయిన అబద్ధం ఆడడు. కొంచెం పెంచుతాడు. ఆ జబ్బే నాకూ వచ్చింది.

అమ్మ ఒకసారి తిట్టిన తిట్టు మళ్లీ తిట్టేది కాదు. ఒక్కటి మాత్రం ఆమె చేతి ముద్రలాంటిది, రోజూ పడేది. "అల్లం లెక్క ఎటు వడితె అటు పెరిగినవ్ గని, ఒక్క దిక్కు సక్కగ లేవు." నాయిన వీటన్నిటికీ ఇచ్చే జవాబు ఒకటే. "ఆఁ." తిట్టు ఎంత పొడుగుదైనా, చివర "ఇనబడుతుందా?" అని అమ్మ అడిగితే "ఆఁ." కోపం లేదు, నవ్వు లేదు. రశీదు మీద వేలిముద్ర వేసినట్టు. అది పడితే అమ్మ శాంతించి రొట్టె పెట్టేది. వాళ్లిద్దరి కాపురానికి అంతకంటే వేరే సంభాషణ ఉన్నట్టు నాకు తెలియదు, దాని అవసరం వాళ్లకు పడినట్టూ లేదు.

ఆ ఇంట్లోకి దుబాయి నుంచి చిన్నాయిన దిగాడు. మిగతావాళ్లు దుబాయి నుంచి కంబళ్లు, సెంట్లు తెస్తారు. మావాడు చేతిలో పట్టే ఆటల డబ్బా ఒకటి, ఈ ఇటుక ఒకటి తెచ్చాడు. ఇటుకను పసిపిల్లను ఎత్తుకున్నట్టు టవల్లో చుట్టి ఎత్తుకొచ్చాడు. "ఏముందిరా దాంట్ల?" అని నాయిన అడిగితే, "దునియా ఉందన్నా, మొత్తం దునియా" అన్నాడు. దునియా అంటే ఆటలు. డబ్బాలో గోరంత కార్డు ఒకటి ఉండేది. అందులో పట్టేది ఒకటో రెండో ఆటలు. మిగతావన్నీ ఇటుకలో. ఒకదానికొకటి నేరుగా కలవవు, నడుమ కంప్యూటరు పెళ్లిపెద్దగా ఉండాలి. ఒక ఆట కార్డులోకి ఎక్కాలంటే ఇంకోటి దిగాలి, మా నారాయణఖేడ్ బస్సులో సీటు లెక్కన. చిన్నాయిన ముందటి అర్రలో అల్లం బస్తాలు జరిపి, ఒక కంప్యూటరు బిగించి, ఊళ్లో ఆ డబ్బాలున్న కలవారి పిల్లలకు కార్డులు నింపే కొట్టు పెట్టాడు. ఆ డబ్బాలున్న ఇళ్లు జహీరాబాద్‌లో ఎన్నుంటాయి? చిన్నాయిన లెక్కలో మాత్రం బొంబాయి దాకా ఉన్నాయి.

అమ్మ ఆ కొట్టును తిట్టిన తిట్లతో ఇంకో ఇటుక నిండేది. ఒకరోజు ఆమె బోరు కాడ కూర్చుని అల్లం కడుగుతుంటే, చిన్నాయిన తన దుబాయి కెమెరాతో చాటుగా అదంతా తీశాడు. వదినను ఏడిపిద్దామని. చిన్నాయినకు సంబంధం కుదరకపోవడం దగ్గర మొదలై, కెమెరా కనబడగానే కెమెరాను కన్నవాళ్ల దాకా పోయిన ధాటి అది. మధ్యలో నాయిన గురించి వస్తుంది. "ఓ మనిషీ, నిన్నే. రొట్టె సల్లగైతుంది. ఇనబడుతుందా?" లోపల్నుంచి "ఆఁ." అది కూడా పడింది. చిన్నాయిన దాన్ని ఇటుకలో దాచి, కార్డులోకి ఎక్కించి, ఆటల డబ్బా అద్దం మీద అమ్మకే చూపించాడు. అమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుని, డబ్బాను దూరంగా పట్టుకుని, కళ్లు చిన్నవి చేసి చూసింది.

"ఎవతిరా ఇది, గిట్ల ఒర్లుతుంది?"

"నువ్వే వదినా."

"నేను గిట్ల ఒర్లుతనా? ఇది ఎవతో గయ్యాళిది. ఇసొంటి దానితోని ఆ మొగడెట్ల బతుకుతుండో పాపం" అని, నాయిన దిక్కు చూసింది. నాయిన అప్పుడు కూడా "ఆఁ" అన్నాడు. అమ్మ అంతగా నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

ఆ వానాకాలం అమ్మకు జ్వరమొచ్చింది. జహీరాబాద్ దవాఖాన నుంచి సంగారెడ్డి, సంగారెడ్డి నుంచి పట్నం. అక్కడినుంచి ఆమెను తీసుకొచ్చిన బండి హారన్ కొట్టుకుంటూనే మా గల్లీ తిరిగింది. దీని మీద పెంచి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

దినాలయ్యాక ఇంట్లో పొయ్యి వెలిగింది గానీ నాయినకు ముద్ద దిగలేదు. చారు లేదని కాదు, కారం ఎక్కువని కాదు, ఎవరూ తిట్టడంలేదు. ఉత్త అన్నం గొంతులో అడ్డం పడేది ఆయనకు. ఒక సాయంత్రం పళ్లెం ముందు కూర్చుని, తల ఎత్తకుండానే, "అరే, జర అది పెట్టురా" అన్నాడు. చిన్నాయినకు అర్థమైంది. అప్పటికప్పుడు కార్డులో ఆటను దించి అమ్మను ఎక్కించి, డబ్బాను నీళ్ల చెంబుకు ఆనించి నాయిన ముందు నిలబెట్టాడు. అరచేయంత అద్దంలో అమ్మ అల్లం కడుగుతూ తిట్టడం మొదలుపెట్టింది. నాయిన రొట్టె తుంచాడు. "ఇనబడుతుందా?" అన్నది అమ్మ. డబ్బాలోంచి పాత "ఆఁ" ఒకటి, పీట మీంచి కొత్త "ఆఁ" ఒకటి. మొదట్లో అవి రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. పోను పోను ఒక్క గొంతైపోయాయి.

అది రోజూ నడిచింది. పొద్దు గూకగానే కొట్టు మూసి అమ్మను ఎక్కించేవాడు, పొద్దున కొట్టు తెరిచి అమ్మను దించేవాడు. కార్డులో ఆమెకు ఆ కాసేపే జాగా. ఆమె సొంత ఇల్లు ఇటుకలోనే. ఇంకోచోట ఒక ప్రతి పెట్టుకోవాలని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. మనుషులకు ప్రతులుంటాయా?

దసరా వచ్చింది. ఏడాదిలోపు ఇల్లు కాబట్టి పండుగ లేదు. కానీ అవ్వ ఒప్పుకోలేదు. "పండుగ మనకు లేదు, పనిముట్లు ఏం పాపం జేసినయి?" అని పళ్లెంలో పసుపు నీళ్లు, కుంకుమ కలుపుకుని తిరిగింది. కొడవళ్లకు, గడ్డపారకు, నాయిన స్కూటరుకు, మిక్సీకి, కుట్టుమిషనుకు, అన్నిటికీ తలా ఒక బొట్టు. చిన్నాయిన కొట్లోకి పోయి కంప్యూటరుకు పెట్టింది. ఆ తర్వాత ఇటుక ముందు ఆగింది. జీవితమంతా కోడలితో కయ్యమాడిన మనిషి, కోడలు దేంట్లో ఉందో ఆమెకు తెలుసు. మిగతావాటికి వేలి కొసతో అద్దింది గానీ, దీనికి మాత్రం చేతినిండా పసుపు నీళ్లు తీసుకుని ఒంటినిండా రాసి, తడి కుంకుమ దట్టంగా దిద్దింది. ఎక్కడ దిద్దాలి? ముఖం ఎక్కడుందని వెతికితే వైరు గుచ్చే నోరు కనిపించింది. అక్కడ దిద్దింది. అగరుబత్తి వెలిగించి, "పండుగ పూటన్న తినవే" అని ఒక బెల్లం ముక్క పెట్టి వచ్చింది. అత్తాకోడళ్ల మధ్య అంత ప్రేమ నేను ముందెన్నడూ చూడలేదు. ఆ ప్రేమే దాని ప్రాణం తీసింది.

సాయంత్రం చిన్నాయిన మీటనొక్కగానే కాలిన వాసన వచ్చింది. అల్లం వాసన కాని వాసన మా ఇంట్లో అదే మొదటిసారి. ఇటుక లోపల టిక్కు టిక్కుమని ఎవరో తలుపు కొట్టినట్టు చప్పుడు. అవ్వకు ఎవరమూ చెప్పలేదు. నాయినే వద్దన్నాడు. ఆ సాయంత్రం ఆయన పెరుగు కలుపుకుని, కలిపినదాన్ని చాలాసేపు అట్లా చూస్తూ కూర్చున్నాడు.

చిన్నాయిన పొద్దున బస్సుకు పట్నం పోయాడు. నాకు పరీక్ష ఉండి నేను పోలేదు. అక్కడ డిస్కులు బాగుచేసే మనిషి దాన్ని విప్పి చూసి, ఇది ఎక్కువసేపు బతకదు, పోయేలోపు పట్టినంత తీసిస్తా, ముందు ఏది కావాలో చెప్పు, అన్నాడట. ఇదంతా చిన్నాయిన తనే చెప్పాడు, తర్వాత. పొద్దు గూకే వేళకు బస్సు దిగి, గల్లీ మొదట్నుంచే "బతికింది, బతికింది" అనుకుంటూ వచ్చాడు. నాయిన అప్పటికే కాళ్లు చేతులు కడుక్కుని పళ్లెం ముందు కూర్చున్నాడు. డబ్బా తనే తెచ్చుకుని చెంబుకు తనే ఆనించాడు. చిన్నాయిన మీట నొక్కాడు. అద్దం వెలిగింది. మోటారుసైకిళ్లు బుర్రుమని ఉరికాయి.

నాయిన కాసేపు ఆ మోటారుసైకిళ్లను చూశాడు. "అదేదిరా?" అన్నాడు.

"అన్నా, ముందుగాల ఆటలు తీయమన్న. కొట్టుకాడ పోరగాండ్లు ఎదురుచూస్తుండ్రు గద. తర్వాత వదినది తీస్తనన్నడు, గంతల్నే డిస్కు ఆగిపాయె." చిన్నాయిన గొంతు తగ్గించాడు. తగ్గించి ఊరుకుంటే ఈ కథ నేను రాసేవాణ్ణి కాదు. ఇంకో మాట అన్నాడు. "ఏం గాదు తియ్యన్నా. వదిన గొంతు మనకందరికి యాదుంటది. ఆటలట్ల కాదు గద."

నాయిన పళ్లెంలోనే చేయి కడుక్కుని లేచాడు. ముద్ద ముట్టని పళ్లెంలో ఆ నీళ్లు నిలిచి ఉండడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. తమ్ముణ్ణి పల్లెత్తు మాట అనలేదు. అనడం ఆయన శాఖ కాదు, అది అమ్మది. ఆ తర్వాత మామూలుగా తిన్నాడు, అల్లం వేశాడు, తవ్వాడు, అమ్మాడు. ఒక్కటే తేడా. అన్నం ముందు కూర్చున్నప్పుడు ఉన్నట్టుండి "ఆఁ" అనేవాడు. ఎవరూ ఏమీ అనకుండానే. కొత్తలో నేను ఉలిక్కిపడి చూసేవాణ్ణి. పోయేదాకా ఆ అలవాటు పోలేదు ఆయనకు. అవ్వ మాత్రం, తాను బతికున్నన్నేళ్లూ, ప్రతి దసరాకూ ఆ చచ్చిన ఇటుకను బయటికి తీయించి, వెతకకుండానే సరిగ్గా నోటి మీద బొట్టు పెట్టింది. "కోడలు సల్లగుందా?" అని అడిగేది. సల్లగనే ఉందవ్వా అని చెప్పేవాళ్లం.

చిన్నాయిన కొట్టు మరుసటి ఏటికే ఎత్తిపోయింది. పోరగాళ్లందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. ఏ ఆటల కోసం మా అమ్మను వదిలేసి వచ్చాడో ఆ ఆటలను ఉచితంగా ఇస్తామన్నా అడిగేవాడు లేడు. ఇప్పుడు ఇంకా చిత్రం. వేలెడంత ముక్కలో మా అమ్మ తిట్లు, ఆమెను కన్నవాళ్ల తిట్లు, మండలం మొత్తం తిట్లు పడతాయి. జాగాకేం కొదవ లేదు. పెట్టుకోవడానికే ఏం లేదు. లాస్య తాను తాగిన ప్రతి చాయ్‌కూ ఒక ఫొటో తీసి దాస్తుంది. మా ఇంట్లో ఒక చల్లారిన చాయ్‌కున్న సాక్ష్యం మా అమ్మకు లేదు.

ఇటుకను మళ్లీ చీర ముక్కలో చుట్టి పెట్టేసి, నా డ్రైవు పట్టుకుని ముందు గదిలోకి వచ్చాను. లాస్య దాన్ని డబ్బాకు తగిలిస్తుంటే, ఎప్పట్నుంచో నోట్లో నానుతున్న మాట మామూలుగా అడిగినట్టే అడిగాను. "చిన్నాయినా, అమ్మ వీడియో ఒకటి ఉండె. యాదికున్నదా?"

"ఏ వీడియోరా?"

"బోరు కాడ. అల్లం కడుగుతుంటే నువ్వే తీసినవ్."

ఆయన మోకాలు మీద చేయి ఆపి నిజంగానే వెతికాడు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. దాస్తున్న ముఖం కాదు. "లేదురా, యాదికొస్తలేదు" అన్నాడు. అని, వెంటనే వెలిగిపోయాడు. "ఆ మోటార్‌సైకిళ్ల ఆట యాదికున్నది. ఆఖర్ల ఒక కొండ దారి ఉంటుండె చూడు, అది ఎన్నడు దాటలేకపోయిన." ఇన్నేళ్లూ నేను ఒంటరిగా మోసిన పగ అది. రెండో కొస ఆయన పట్టుకుని ఉన్నాడనుకున్నాను. అటు ఎవరూ లేరు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. యాదుంటది అన్నాడు కదా ఆయన. లేదు. తిట్లన్నీ ఉన్నాయి, లారీల కథలున్నాయి, నేను పెంచినవీ నాయిన పెంచినవీ అన్నీ ఉన్నాయి. గొంతు లేదు. కళ్లు మూసుకుని ఎంత వెతికినా అమ్మ నోరు కదులుతుంది గానీ చప్పుడు రాదు.

డబ్బా అద్దం మీద ఏవో అక్షరాలు వచ్చాయి. "డాడీ, ఇది వాడాలంటే దీంట్ల ఉన్నయన్ని తుడిచేస్తదట" అన్నది లాస్య. "ఏమన్న ఉన్నయా దీంట్ల?"

"నాయిన ఫొటోలున్నట్టున్నయి. ఆగు, చూసి చెప్త."

"ఏం గాదు బిడ్డా, నొక్కు. పోతె మల్లొస్తయి" అని చిన్నాయిన సోఫాలోంచి వంగి, నూనె వేలును అద్దం దాకా చాచాడు. అదే వేలు. యంత్రం ఆగి అడుగుతోంది, మనిషి అడగడంలేదు.

లాస్య డబ్బాను చటుక్కున ఒళ్లోకి లాక్కున్నది. "అల్లం లెక్క ఎటు వడితె అటు పెరిగినవ్ గని తాతా, ఒక్క దిక్కు సక్కగ లేవు. పోయేటియి నీవా? నొక్కక ముందు అడగాలె. ఇనబడుతుందా?"

చిన్నాయిన వేలు వెనక్కి పోయింది. తిట్టు అమ్మదే, పొల్లు పోలేదు. నేను ఇన్నేళ్లుగా ఇంట్లో తిట్టి తిట్టి దాని చెవిలో పోసిందే. గొంతు మాత్రం లాస్యది. సన్నగా, కొత్తగా ఉంది. దానివెనక అమ్మ ఉందేమోనని చెవి పెట్టి విన్నాను. లేదు.

ఆ తర్వాత ఇంట్లో ఒక చిన్న ఖాళీ వచ్చింది. ఒక్క "ఆఁ" పట్టేంత. చిన్నాయిన మోకాలు రుద్దుకుంటున్నాడు. నేను నోరు తెరిచి, అది నాది కాదని మూసేశాను.